గడప దాకా వచ్చిన మనిషి

అన్నా,

ఈ రోజు నీ సంవత్సరీకం. దేశభద్రత కేసులో పట్టుకుపోయిన బోధన్ కుర్రవాడికి ఏ పాపమూ తెలియదని పేపర్లో రాశావు. నీకెవరు చెప్పారని పోలీసులు ఎన్నిసార్లు పిలిచి అడిగినా పేరు చెప్పకుండానే పోయావు. ఇవాళ భోజనాలకు ఎవరెవరు వస్తారో చూడటానికి మఫ్టీలో ఒకాయన మన వరండాలోనే కూర్చున్నాడు.

మధ్యాహ్నం, నీకు ఆ సంగతి చెప్పిన మనిషే వచ్చాడు. మన వంటింట్లో ఎన్నిసార్లు చాయ్ తాగాడో! చేతిలో నీకిష్టమైన రుద్రూర్ చెరకు గడలు.

"ఎవలు గావాలె?" అన్నాను.

నా మొహంలోకి చూశాడు. వరండా వైపు చూశాడు.

"ఇల్లు తప్పిన, అక్కా," అని వెనక్కి తిరిగాడు.

సంవత్సరీకం నాడు గడపకు వచ్చినవాళ్లను తినకుండా పంపకూడదు. పంపాను. మఫ్టీ ఆయన మాత్రం మారు అడిగి మరీ పప్పు వేయించుకున్నాడు.