రుస్తాఖ్ అభిమాని

రుస్తాఖ్, ఒమన్, శుక్రవారం రాత్రి

బ్లాగు పెడితే ఇద్దరి పేర్లూ ఉంటాయని, ఒకే రూమ్‌లో ఉన్న రోజుల్లో రాజమల్లు మాటిచ్చాడు. చివరికి తన పేరొక్కటే పెట్టుకున్నాడు. 'ఒమన్ తెలుగు బ్లాగు' అని వెతికితే వాడిదే పైన, నేను విడిగా పెట్టుకున్న బ్లాగు ఎక్కడో అడుగున. వాడు చదివినవన్నీ నేనిచ్చిన పుస్తకాలే.

తప్పులు దొరుకుతాయేమోనని రోజూ వాడి పేజీ తెరుస్తాను. ఈరోజు వాడు రాశాడు: "రుస్తాఖ్ నుంచి రోజూ నా బ్లాగు చూసే అభిమానికి దండాలు." ఏ ఊరి నుంచి చూస్తున్నారో బ్లాగు లెక్కల్లో తెలుస్తుందట.

రూమ్‌లో నర్సయ్యకు చూపిస్తే పగలబడి నవ్వాడు. "కాకా, రోజూ నువ్వే తెరుస్తున్నవ్. గందుకే నీ ఫోన్ల గాయనే పైకొస్తుండు! గాయన్ని డ్యూటీ లెక్క మోస్తున్నవ్ పో!"

ఇక చూడనని ఒట్టు పెట్టుకుని, ఇప్పుడే మళ్లీ చూశాను. ఆ అభిమాని ఎవరని కామెంట్లలో అడుగుతున్నారు. నా పేరు బయటపడితే...

నన్నీ గతికి తెచ్చింది రాజమల్లే.