బోటు వెనక పలక

ఫిబ్రవరి 20, శుక్రవారం
ఉదయం పది గంటలు

చిరంజీవి తమ్ముడికి,

నువ్వూ మరదలూ పాపా పది కాలాలు చల్లగా ఉండాలని దీవించి అక్క రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి ఆగాను. నేను క్షేమమే. మీ బావగారి కుడి చెయ్యి మాత్రం ఇంకా భుజం దాటి పైకి లేవడం లేదు. చొక్కా నేనే తొడుగుతున్నాను. గుండీలు తప్పు పెట్టావని తొడిగినంతసేపూ సణుగుతూనే ఉంటారు కాబట్టి, మనిషి కోలుకుంటున్నట్టే లెక్క.

రెండు నెలలుగా నీకు ఫోన్ చేస్తూనే ఉన్నాను. రెండుసార్లు మోగి ఆగిపోతుంది. నువ్వే ఆపేస్తున్నావని తెలుసు. అందుకే ఉత్తరం. దీన్నయితే మధ్యలో కట్ చేయలేవు.

రేవు దాటుతుండగా ఇంజను ఒరిగి బోటు మునగబోయిన రోజు, ఆసుపత్రి వరండాలో పదిమంది ముందు మీ బావగారు నాతో ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఇంజను బిగించింది నీ తమ్ముడే, నాలుగు రంధ్రాలు సరిగా వేయడం రానివాడు మెకానిక్కు ఎలా అయ్యాడు, వాడు వేసిన రంధ్రాల్లోంచే నీళ్ళు దిగి ఇంజను మోసే వెనక పలక కుళ్ళింది, ఎనిమిది మంది ప్రాణాలు పోయేవి అన్నారు. నువ్వు తెచ్చిన క్యారియర్ బెంచీ మీద పెట్టి, గుక్కెడు నీళ్ళయినా ముట్టకుండా వెళ్ళిపోయావు. నేను పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు.

ఒక్క నిమిషం. పలకకు పూసిన రెసిన్ జిగురు ఆరిందేమో చూసి వస్తాను.

ఇంకా వేలికి అంటుకుంటోంది. నిన్న సాయంత్రం ఆఖరి పొర వేశాను. గట్టిపడిందో లేదోనని పొద్దుటి నుంచి ఏడుసార్లు వెళ్ళి నొక్కి చూశాను. అలా నొక్కుతూ ఉంటే అది బోటు పలకలా కాదు, నీ వేలిముద్రల పుస్తకంలా తయారవుతుంది అంటున్నారు మీ బావగారు. ఏం చేయను, కూర్చుంటే కాలు నిలవడం లేదు. పొద్దున ప్రార్థనకు కూర్చున్నా అంతే. రెండు మాటలు పలికేసరికి ఏదో పని గుర్తొచ్చినట్టు లేచిపోతున్నాను.

అవును తమ్ముడూ, ఆ పలక నేనే మారుస్తున్నాను. నవ్వకు.

నువ్వు వెళ్ళిపోయాక బోట్లు కట్టే మేస్త్రిని పిలిపించాం. ఆయన సుత్తితో పలక మీద కొట్టుకుంటూ పోయాడు. మంచి చోట టంగుమంది, చెడ్డ చోట తడి గోనె మీద కొట్టినట్టు ధబ్బుమంది. సగానికి పైగా ధబ్బే. పైన ఫైబర్ బాగానే ఉందనీ, రెండు ఫైబర్ పొరల మధ్య చెక్క మొత్తం పోయిందనీ చెప్పాడు. తన చేతిలో నాలుగు నెలల పని ఉందట, ఆ తర్వాతే మనది. తనిఖీ అధికారి వచ్చేది మార్చి రెండున. ఆ రోజు బోటు నీళ్ళ మీద లేకపోతే ఈ రేవు దాటించే పని ఇంకొకరికి పోతుంది. పదిహేనేళ్ళుగా చేస్తున్న పని అది.

నేను మారుస్తాను అన్నాను. ఎవరికీ వినపడలేదు, నా గొంతు సంగతి నీకు తెలిసిందే. రెండోసారి అన్నాక మేస్త్రి నవ్వాడు. మీ బావగారు నవ్వలేదు. ఈవిడకు కుక్కర్ గ్యాస్కెట్ మార్చడం కూడా రాదయ్యా అన్నారు. ఆ గ్యాస్కెట్ ఇరవై ఏళ్ళుగా ఎవరు మారుస్తున్నారనుకుంటున్నారో!

మేస్త్రి మంచివాడు. నవ్వడం అయ్యాక, చేయాల్సిన పనులన్నీ వరసగా అట్ట మీద గీసి ఇచ్చాడు. ఇంజను దింపడానికి తన మనుషులను కూడా పంపాడు. వెనక పలక తీసేస్తే బోటు పక్కలు విచ్చుకుంటాయట, అందుకని ముందు అడ్డంగా తాడు బిగించి కట్టాను. తర్వాత గ్రైండరుతో లోపలివైపు ఫైబరు కోశాను. మొదటిసారి ఆన్ చేయగానే అది నా చేతిలోంచి దూకబోయింది. గట్టిగా దేవుడా అన్నాను. నీ గొంతు ఇంత పెద్దదని పెళ్ళయిన ముప్పై ఏళ్ళకు తెలిసింది అన్నారు మీ బావగారు.

లోపల చెక్క చూసి ఏడుపొచ్చింది. ఉలి అక్కర్లేదు, చెంచాతో తవ్వినా వచ్చేస్తుంది. డికాషన్ దించాక మిగిలే పొడిలా నల్లగా, తడిగా, పుల్లటి వాసన. తవ్వడం నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ దుమ్ము పడదని మీ బావగారిని దగ్గరికి రానివ్వలేదు. తర్వాత లోపల తడి ఆరేదాకా వారం రోజులు ఆగాం. ఆ వారం నాకు ఏడు నెలలైంది. ఇల్లు మూడుసార్లు కడిగాను. ఉతికిన దుప్పట్లే మళ్ళీ ఉతికాను.

మధ్యాహ్నం

అన్నం పెట్టి వచ్చాను. ఇప్పుడు నొక్కితే అంటుకోలేదు కానీ గోరు దిగుతోంది.

రెసిన్ సంగతి చెప్పాలి. హార్డ్‌వేర్ షాపాయన డబ్బాలు చేతికిస్తూ, ఇది పులుసు కాదమ్మా, రుచి చూసి ఇంకాస్త వేయడానికి, కొలిచి కలపాలి అన్నాడు. కొలిచే కలిపాను. పదే పదే ఎందుకని, స్నానాల గదిలో మగ్గు తెచ్చి నిండా ఒకేసారి కలిపాను. బోటు దగ్గరకు వెళ్ళేలోపే మగ్గు వేడెక్కి, పొగలు చిమ్మి, పక్కకు సాగిపోయింది. పారెయ్, పారెయ్ అని మీ బావగారు ఒంటి చెయ్యి ఊపుతూ కేకలు. పారేశాను. గట్టిపడి పెరట్లో అలాగే ఉంది, మగ్గు పిడితో సహా. మర్నాడు షాపాయనకు చెబితే, లోతుగా ఉంటే ఉడికిపోతుందమ్మా, వెడల్పు పళ్ళెంలో కొంచెం కొంచెం కలుపుకో, అయినా మగ్గు ఏ కంపెనీదో చెప్పు, అది మాత్రం కొనను అన్నాడు.

పెద్ద అట్టపెట్టె విప్పి పలక ఆకారం గీసుకుని, ఆ కొలతకు నీళ్ళకు తట్టుకునే ప్లైవుడ్ రెండు ముక్కలు కోయించి, మధ్యలో రెసిన్ రాసి ఒకటిగా అతికించాను. తీరా దించబోతే కింద మూలల్లో పట్టలేదు. అట్ట వంగినచోట చెక్క వంగదు కదా, ఆ తెలివి నాకు లేకపోయింది. రెండు పూటలు చిత్రిక పట్టాను. ఐదోసారి దించినప్పుడు సొరుగు మూసుకున్నట్టు కూర్చుంది. మీ బావగారు ఎడమ చేత్తో దాని మీద తట్టి, లోపలికి వెళ్ళి నాకు మంచినీళ్ళు తెచ్చారు. ఆయన నాకు నీళ్ళు తేవడం, నేను జ్వరంతో పడుకున్నప్పుడు తప్ప, ఇదే మొదటిసారి. చెక్కకు అన్ని అంచులా రెసిన్ తాగించి, బద్దలు అడ్డుపెట్టి బోల్టులతో బిగించి, సందులు పూడ్చి, పైన ఫైబర్ గుడ్డ నాలుగు పొరలు వేశాను. బుడగ లేకుండా వేశాను తమ్ముడూ. నిన్న ఆఖరి పొర వేయకముందు మేస్త్రి వచ్చి సుత్తితో కొట్టాడు. ఈ చివర నుంచి ఆ చివరకు టంగే. ఏమండీ, ఈవిడను మా దగ్గర పనికి పంపుతారా అన్నాడు. మీ బావగారు మీసం కింద నవ్వుకున్నారు.

ఇక నిన్ను అడగాల్సింది. వారం ఆగితే పలకకు పూర్తి బలం వస్తుంది. మార్చి ఒకటి, ఆదివారం ఇంజను ఎక్కించాలి. దానికి రెండు మంచి భుజాలు కావాలి, కొత్త పలకకు నాలుగు రంధ్రాలు వేయాలి. ఎవరో మెకానిక్‌ను పిలుద్దాం అన్నారు మీ బావగారు. ఈ పలక నేను చేశాను, దీనికి నా తమ్ముడు తప్ప ఇంకెవరు డ్రిల్లు పెట్టినా ఒప్పుకోను అన్నాను. ఈసారి మొదటిసారికే వినపడింది. ఆయన గోడ వైపు చూస్తూ, వాడి దగ్గర ఆ పెద్ద డ్రిల్లు ఇంకా ఉందా అని అడిగారు.

నువ్వు రావాలి. వచ్చి గుమ్మంలో నిలబడితే చాలు, మిగతాది నేను చూసుకుంటాను. నువ్వు మా ఇంటికి రాకుండా, ఆ బోటు ఒక్కటే నీళ్ళలోకి వెళితే నేను పడ్డ కష్టానికి అర్థం లేదు.

నీ మనసు మెత్తబడాలని దేవుణ్ణి వేడుకుంటూ,

మీ అక్క

తా.క. సంతకం పెట్టి గంటయింది. కవరు తీశాను, పెట్టాను. ఇల్లంతా నాలుగుసార్లు తిరిగాను. రాయాల్సింది రాయకుండా పలక గురించి ఎన్ని పేజీలు రాశానో చూడు.

పలక కుళ్ళింది నీ వల్ల కాదు తమ్ముడూ. నా వల్ల.

తవ్విన రెండో రోజే నీ రంధ్రాలు బయటపడ్డాయి. చుట్టూ చెక్క పొడిగా రాలిపోతున్నా, నువ్వు రంధ్రం వెడల్పు చేసి లోపల పోసిన రెసిన్ నాలుగు ఉంగరాల్లా గట్టిగా నిలిచి ఉంది. వాటిలోంచి చుక్క నీరు దిగలేదు. నీరు దిగింది ఎడమ మూల నుంచి. అక్కడ రెండు చిన్న స్క్రూలున్నాయి. నాలుగేళ్ళ కిందట నువ్వు ఇంజను బిగించాక, మీరిద్దరూ పెట్రోలు తేవడానికి వెళ్ళినప్పుడు, అరచేతిలో పట్టే దేవుడి పటం ఒకటి లోపలివైపు నేనే పెట్టాను. మేకుతో పొడిచి స్క్రూలు తిప్పాను. వాటి చుట్టూ పూడ్చాలని తెలియదు. మీరొచ్చి పటం చూసి దండం పెట్టుకున్నారు. దాన్ని ఎవరు అనుమానిస్తారు? ప్రమాదం నాడు ఒడ్డు చేరినవాళ్ళంతా ఆ పటమే కాపాడిందన్నారు. నేనూ కళ్ళకద్దుకున్నాను.

ఆసుపత్రిలో ఊరుకున్నప్పుడు నాకు తెలియదు. తర్వాత పదిహేడు రోజులు తెలిసే ఊరుకున్నాను. మీ బావగారు చూడకముందే ఆ మూల అంతా తవ్వి పారేశాను. నీ మీద నింద అలాగే ఉండనిచ్చాను. దేవుడు చూస్తూనే ఉన్నాడని తెలిసి కూడా.

ఆయనకు చెప్పాలని ఎన్నిసార్లు ఎదురుగా నిలబడినా, కాఫీ కలపనా అని అడిగి వచ్చేశాను. అందుకే ఈ ఉత్తరాన్నీ, నీ రెసిన్ ఉంగరాల్లో ఒకదాన్నీ కవరులో పెట్టి, అంటించకుండా మీ బావగారి చేతికే ఇస్తున్నాను, పోస్టులో వేయమని. మీ బావగారి సంగతి నీకు తెలుసు. తెరిచి ఉన్న కాగితం చదవకుండా వదలరు.

ఇది నీకు అందిందంటే, అంతా చదివాక ఆయనే అంటించి పోస్టు డబ్బాలో వేశారని అర్థం.