ఏనుగు వంశంలో పుట్టిన పిల్ల

గొరాటా తల్లికి, కసానె ఊరి నుంచి పట్టలేని సంతోషంతో రాస్తున్నాను. నేనూ, మన పిల్ల గొరాటా ఇద్దరం క్షేమం.

అడవి ఉద్యోగం మాన్పించి పిల్లను తీసుకురమ్మని పంపావు కదా. నిన్న అది యాత్రికులతో పాటు నన్నూ తన జీపులో తీసుకెళ్లింది. దారిలో పిల్లతో ఉన్న ఆడ ఏనుగు ఎదురైంది. మనది ఏనుగు వంశమాయె, ఏనుగంటే మనకు చుట్టమే, పలకరించకుండా ఎలా ఉంటాను? లేచి నిలబడి వంశం పేరుతో దండం పెట్టాను. అంతే, ఘీంకరిస్తూ మీదికొచ్చేసింది! నా పై ప్రాణాలు పైనే పోయాయి. మన బంగారుతల్లి మాత్రం కదల్లేదు.

"చెవులు విప్పి అరుస్తోందంటే ఉత్త బెదిరింపే నాన్నా. చెవులు వెనక్కి నొక్కి, తొండం ముడిచి, చప్పుడు లేకుండా వస్తేనే భయపడాలి. చుట్టమైనా సరే, కూర్చుని పలకరించు!" అంది. ఏనుగు జీపు ముందే ఆగి, దుమ్ము చిమ్మి వెళ్లిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరూ అడక్కపోయినా ఇది నా కూతురేనని అందరికీ చెప్పాను.

ఎర్రావు ఈనిందా? మేకల కంచె బాగుచేయించు. ఎండు మొపానె చెట్టు పురుగులు మూట కట్టి ఉంచు, వేయించుకు తినాలని పిల్లకు ఆశగా ఉందట, బస్సులో పంపుదాం.

నువ్వు చెప్పమన్న మాట దానికి చెప్పలేదు, చెప్పను కూడా. మన ఇంటి మీదా దాని అడవి మీదా చల్లగా వాన కురవాలి. శుక్రవారం నేనొక్కణ్ణే వస్తున్నాను. తిడితే నన్ను తిట్టు.

గొరాటా నాన్న