ఊడొచ్చిన రబ్బరు

బుధవారం. పోలీస్ యాక్షన్ అయినంక రెండో ఎండకాలం.

సాయన్న ఇయ్యాల ఒక చేతిల నేను చేసిన ఆక్రిలిక్ కట్టుడు పండ్ల సెట్టు, ఇంకో చేతిల దాని కింద అతికించిన మెత్తటి రబ్బరు పట్టుకొని వచ్చిండు.

"అన్నా, నీ పండ్లొక దిక్కు, నీ రబ్బరొక దిక్కు. నేను ఏ దిక్కు పోవాలె?"

రజాకార్లు తుపాకి మడమతోని పండ్లు రాలగొట్టిన సంది ఆయన చిగుర్లు పచ్చి పుండే. రబ్బరు లేకుంటె సెట్టు పెట్టుకోలేడు. ఇప్పుడేమో తమ్ముణ్ని కమ్యూనిస్టు సంఘపోడని కొత్త సర్కారు పోలీసులు పట్టుకపోయిండ్రు. రేపు ఠాణాల వాని తరఫున మాట్లాడాలె. మొన్న బోసినోటి మాట విని జమేదారు నవ్విండట.

తప్పు నాదే. పట్నంల పండ్ల డాక్టరు బూట్లు తుడుచుకుంట, ఓరకంట చూసి నేర్చిన విద్య. మెరవని పని పనే కాదనేటోడాయన. అందుకని లోపలి దిక్కు గూడ అద్దం లెక్క నునుపు చేసిన. రబ్బరు దేన్ని పట్టుకుంటది? ఆకురాయితోని గరుకు గీకి, ఆక్రిలిక్ మందుతోని తడిపి, కొత్త రబ్బరు ఒత్తి ఉడకబెట్టిన. పట్టకారుతోని గుంజినా రాలే.

సాయన్న పెట్టుకొని తమ్ముని పేరు సాఫ్‌గ పలికిండు.

"అన్నా, రేపు వీళ్లు గూడ మూతి మీద కొడితే రబ్బరు ఆగుతదా?"

"ఆగుతది" అన్న. దవడ ఆగుతదో లేదో ఆయన అడగలే, నేను చెప్పలే.