గాలోళ్లకి రోజుకో ఫోను

మే 2. ఉదయం 9:10.
ఉత్తరం వచ్చింది. గాలి ఇన్సూరెన్సు వాళ్లది. "మా విలువైన ఎర్లీన్ డార్డార్ గారికి" అని మొదలుపెట్టారు. మామ్మ విలువ, అంటే ఏడాదికి కట్టాల్సిన డబ్బు, కిందటేడు 3,800 డాలర్లు. ఈ ఏడు 8,900!! ఒక్క ఏడాదిలో మామ్మ ఇంత విలువైనదైపోయింది.

9:25. వెర్లిన్ బాబాయి చదివి, కాఫీ కప్పు సింకులోకి విసిరాడు. "వరద నీళ్ల ఇన్సూరెన్సోళ్లు ఇల్లు పైకెత్తమన్నారు. పదకొండడుగుల స్తంభాల మీదకి ఎత్తాం. ఇప్పుడు గాలోళ్లేమో, అంత ఎత్తులో ఉంటే గాలెక్కువ, కాబట్టి డబ్బెక్కువ అంటున్నారు. మధ్యలో వేలాడమంటారా ఏంట్రా?"

9:40. ఉత్తరం వెనక చిన్న అక్షరాలు. నేనే కనిపెట్టా! పైకప్పు గోడలకి సరిగ్గా బిగించి ఉంటే మూడో వంతు తగ్గిస్తారట. 6న వాళ్లే ఒకాయన్ని పంపుతారట, ఆయన చూసి సంతకం పెట్టాలి. మిగతాది ఫోన్‌లో. గడువు మే 31. అంటే తుఫాన్ల కాలం మొదలయ్యే ముందురోజు. ఎంత తెలివో చూడండి.

10:00. ఫోన్ ఎవరు చేస్తారు? మామ్మకి ఫోన్‌లో వినపడదు. బాబాయి చేస్తే తిడతాడు. కిందటేడు తిట్టిన తిట్లకి బాబాయి నెంబరు నుంచి వస్తే ఎత్తడమే మానేశారు. ఇద్దరూ నా వైపు చూశారు.

10:05. తీర్మానం. ఈ రోజు నుంచి రోజుకో ఫోన్. పని అయ్యేదాకా. మరిచిపోకుండా నా నెంబరుకి నేనే మెసేజ్ పెట్టుకుంటున్నా.
1. ఉదయం ఎనిమిదికల్లా ఫోన్.
2. హలో తర్వాత ఆగకుండా మాట్లాడాలి.
3. భయం వేస్తే కిటికీలోంచి బయూ కాలవ వైపు చూడాలి.
పదిహేనేళ్లొచ్చాయి. ఫోన్ ఏమన్నా కరుస్తుందా?

మే 3. ఉదయం 8:00.
చేశా!! ఎత్తారు!! "హలో" అన్నా.
"చెప్పండి మేడమ్" అంది అవతలి ఆవిడ.
పెట్టేశా.

8:02. అయినా లెక్క ప్రకారం ఒక ఫోనే. ఈ రోజు పని అయిపోయింది.

మే 6. మధ్యాహ్నం 2:00.
తనిఖీ ఆయన వచ్చాడు. పేరు బ్రాడ్లీ. మన రొయ్యలోళ్లు వేసుకునే తెల్ల రబ్బరు బూట్లు వేసుకొచ్చాడు, ధర చీటీతో సహా. మామ్మ గుమ్మంలో నిలబడి ఆ చీటీనే చూస్తోంది. "ముప్పై నాలుగు డాలర్లా? నిలువునా ముంచేశార్రా నిన్ను" అంది జాలిగా.

2:30. అటకెక్కాడు. తర్వాత కిందికి వినపడేలా, "ఇదేంటి?"
తాత కట్టిన తాళ్లు. పడవ వల లాగే తాళ్లు, వేలంత లావు. ప్రతి దూలాన్నీ గోడలకి, గోడల్ని స్తంభాలకి కట్టేశాడు. పెద్ద ఇనప కొక్కేలు. మా బయూలో ఏ రొయ్యల పడవ మనిషి ఇల్లు చూసినా ఇంతే. గాలొస్తే పడవని కట్టినట్టే ఇంటినీ కడతాం. ఇందులో వింతేముంది?

"వీటితో నాలుగు తుఫాన్లు చూసిందీ ఇల్లు" అన్నాడు బాబాయి.
"నా ఫారంలో తాడు అనే గడి లేదండీ."
"పెన్నుంది కదా, గీసుకో ఓ గడి."
"ఇనప పట్టీలుండాలి. ఆమోదించిన రకం. మీ దూలాలకి ఏ నెంబరు పట్టీ పనికొస్తుందో ఆఫీసుకి ఫోన్ చేస్తే చెప్తారు. ఈ తాళ్లు తీసేయాలి. ఫొటోలో తాడు కనపడితే కుదరదు."

2:50. తాత నలభై ఏళ్లు గల్ఫు సముద్రంలో, పడవ మీద బతికాడు. బ్రాడ్లీ మా మెట్లు దిగడానికి రెండు చేతులా కమ్మీ పట్టుకున్నాడు. ఇంటికి సంతకం మాత్రం బ్రాడ్లీదే.

మే 9. సాయంత్రం 5:00.
మామ్మ గది మీది తాళ్లు బాబాయి ఇవాళ విప్పేశాడు. విప్పిన ప్రతి తాడూ చుట్టచుట్టి మూల పెట్టాడు.
దిగాక అన్నాడు, "ఒరేయ్ డ్రూ, పట్టీ నెంబరు రేపు కనుక్కో. కొనుక్కొచ్చి ఈ గదికి బిగించాకే మిగతా తాళ్లు విప్పుతా. అంతదాకా మీ మామ్మ గది పైకప్పు ఊరికే అలా కూర్చునుంటుంది. తెలుసుగా?"
"తెలుసు బాబాయ్."
రేపు ఖాయం. అడగాల్సిన మాట రొయ్యల పెట్టె అట్టమీద రాసిపెట్టుకున్నా. ఒకే ఒక్క వాక్యం.

మే 10. వాక్యం బాగాలేదు. మళ్లీ రాశా.

మే 11. ఆదివారం. వాళ్లకి సెలవు. (నాకు కాదు. నేను చేద్దామనే అనుకున్నా.)

మే 13. ఉదయం 8:00.
ఛార్జింగ్ 9 శాతం. ఆఫీసోళ్లు ఎంతసేపు ఆపుతారో తెలియదు. మధ్యలో ఆగిపోతే మర్యాదగా ఉండదు.
8:30. ఛార్జింగ్ 60 శాతం. కానీ ఎనిమిది దాటింది. నియమం నియమమే.

మే 18. పడవల దీవెన, అంటే వేటకి ముందు పడవల్ని దీవించే పండగ.
చర్చి ఫాదర్ గారు ముందు పడవలో నిలబడి అందరి మీదా నీళ్లు చల్లారు. నా మీద ఎక్కువ పడ్డాయి. ఈ రోజు ఫోన్ చేయడం పాపం. బంగాళాదుంపల సలాడ్ రెండుసార్లు తిన్నా.

మే 20. రాత్రి భోజనం.
బాబాయి అడిగాడు, "ఏమైందిరా నెంబరు?"
"కనుక్కుంటారట బాబాయ్. వాళ్లే ఫోన్ చేస్తారట."
"వాళ్లా? మనకా?" బాబాయి ఎంత నవ్వాడంటే గంబో పులుసు ముక్కులోకి పోయింది. "డబ్బు కావాలంటేనే మన నెంబరు గుర్తొస్తుంది ఆ గాలి దొంగలకి!"
నేనూ నవ్వా. బాబాయి తిట్టేది వాళ్లని. నన్ను కాదు. హాయిగా ఉంది. హాయిగా ఉండకూడదు.

మే 28. ఉదయం 8:00.
మళ్లీ చేశా!! మొదట మిషన్ మాట్లాడింది. ఇంగ్లీషుకి ఒకటి, స్పానిష్‌కి రెండు. మామ్మ మాట్లాడే ఫ్రెంచికి ఏదీ లేదు. ఒకటి నొక్కా. పాట వచ్చింది. పాటొచ్చినంతసేపూ బాగానే ఉన్నా. పాట ఆగి "చెప్పండి" అని మనిషి గొంతు.
పెట్టేశా.

మే 31. పాలసీ అయిపోయింది. తగ్గించకుండా 8,900 కట్టడం మా వల్ల కాదు. బాబాయి "పీడా పోయింది" అన్నాడు. మామ్మ ఈస్టర్ ముందు చర్చిలో దీవించి ఇచ్చిన తాటాకులు తెచ్చి, తుఫాను నుంచి కాపాడతాయని తన మంచం తలవైపు గుచ్చింది.
"ఇవి ఉచితం" అంది.

జూన్ 7. ఉదయం 7:30.
గల్ఫులో తుఫాను. పేరు కూడా పెట్టేశారు. జూన్ మొదట్లోనే!
7:50. బాబాయి పరుగెత్తాడు, మామ్మ గది మీద తాళ్లు మళ్లీ కట్టడానికి. తాళ్లు లేవు. ఖాళీగా పడున్నాయి కదా అని కిందటివారం ఆయనే పడవకి వాడేశాడు. పడవ పైన ఉత్తరాన, చెట్లకి, అవే తాళ్లతో కట్టి ఉంది. విప్పితే పడవ పోతుంది. పడవ పోతే తిండి పోతుంది.
8:00. ఫోన్ చేశా. ఈసారి పెట్టేయనని ఒట్టేసుకున్నా. మనిషే రాలేదు! మిషన్ మాత్రం పెళ్లికి పిలుస్తున్నంత సంతోషంగా చెప్పింది, "పేరున్న తుఫాను గల్ఫులో ఉన్నంతకాలం కొత్త పాలసీలు ఇవ్వబడవు." ఎండ కాసినప్పుడు గొడుగు అమ్ముతారు. మబ్బేస్తే దుకాణం మూసేస్తారు.
8:05. తిడుతున్నా కానీ, ఎండ కాసిన రోజులన్నీ నేనేం చేశా?

జూన్ 9. మధ్యాహ్నం 12:15.
ఊరికి ఎగువన స్కూలు జిమ్‌లో ఉన్నాం. గాలి. మామ్మ మడత మంచం మీద కూర్చుని, గాలి తగ్గాలని వెంట తెచ్చుకున్న తాటాకు ముక్కలు ఒక్కొక్కటే కాలుస్తోంది. జిమ్ మనిషి వచ్చి ఆపమన్నాడు. "నా ఇల్లు నువ్వు కాపలా కాస్తావా?" అంది. వెళ్లిపోయాడు.

జూన్ 10. ఉదయం 11:00.
ఇల్లుంది.
తాళ్లున్న వైపు ఒక్క మేకు కదలలేదు.
మామ్మ గది మీద రేకులు లేవు. అన్నీ బురదనేలలో పడున్నాయి, అక్కడక్కడా మెరుస్తూ. మామ్మ మంచం బకెట్‌లో ముంచి తీసినట్టుంది. తలవైపు తాటాకులు మాత్రం అలాగే గుచ్చి ఉన్నాయి.
బాబాయి గాలోళ్లని తిట్టడం మొదలుపెట్టాడు. బ్రాడ్లీని, అతని బూట్లని, బూట్ల ధరని. నేను నవ్వలేదు.

11:20. చెప్పేశా. బాబాయి నీలం టార్పాలిన్ కోసం కిందికి దిగాక, మామ్మకి బాగా వినపడే చెవిలో.
"నెంబరు నేను అడగలేదు మామ్మా."
"ఎన్నిసార్లు ఫోన్ చేశావు?"
"రోజూ."
చూసింది.
"మూడుసార్లు."
"ఏం మాట్లాడావు?"
"ఒకసారి హలో అన్నా."
తడి దుప్పటి ఒక కొస పట్టుకుని మెలిపెట్టింది. పిండుతూనే అంది, "మీ తాత ఆ అటకలో నాలుగు తుఫాన్లకి ఎదురు నిలబడ్డాడు. నువ్వు ఫోన్‌లో ఒక మనిషికి రెండు ముక్కలు చెప్పలేక నా పక్క తడిపావు. పసిపిల్లాడప్పుడూ ఇదే పని చేసేవాడివి."
దుప్పటి రెండో కొస నా చేతికిచ్చింది. "పట్టుకో. పిండు."

జూన్ 11. ఉదయం 7:45.
రాత్రి నా మంచం మామ్మకిచ్చా. తుఫాను పేరు రేడియోలో ఇక చెప్పడం లేదు. దుకాణం తెరిచుంటారు. కొత్త పాలసీకైనా ముందు ఆ పట్టీలే కావాలి.
తీర్మానం. ఈ రోజు నుంచి రోజుకో ఫోన్. పని అయ్యేదాకా.
1. పెట్టేయకూడదు.
అంతే. ఒకటే నియమం.

8:00. ఒకటి నొక్కా. పాట.
8:15. ఇంకా పాటే. మామ్మ కోసం స్పీకర్ గట్టిగా పెట్టా. తన తెల్ల రబ్బరు బూట్లేసుకుని తడి నేల తుడుస్తూ పాట తాళానికి నడుం ఊపుతోంది. "8,900 అడిగినందుకు ఓ పాటైనా వినిపించారు" అంది.
8:41. పాట ఆగింది.
"చెప్పండి మేడమ్."
బయూ వైపు చూశా. రేకులు.
"మేడమ్ కాదండీ. నేను డ్రూ డార్డార్. ఎర్లీన్ డార్డార్ మనవణ్ణి. మా దూలాలకి ఏ నెంబరు పట్టీ సరిపోతుందో చెప్పాలి."
"ఒక్క నిమిషం, లైన్‌లో ఉంటారా సార్?"
8:43. మళ్లీ పాట. ఉన్నా.