ఇంజను ఆపినా వెలిగే లైట్లు

తూర్పుగోదావరి జిల్లా ధవళేశ్వరం, లాకుల వీధిలో కాపురముంటున్న పెనుమాల ప్రిస్కిల్లా అనే నేను, కీర్తిశేషులు ముసలయ్య మాస్టారి కుమార్తెను, అవివాహితను, లంక ఊళ్లలో పురుళ్లు పోసే ప్రభుత్వ నర్సుగా పనిచేసి రిటైరైనదానిని, వయస్సు అరవై ఎనిమిది, నా స్వబుద్ధితో, ఎవరి ఒత్తిడీ ప్రలోభమూ లేకుండా రాసుకున్న వీలునామా ఇది. వచ్చే సోమవారం కాకినాడలో నాకు గుండె ఆపరేషన్ ఉంది. నా బుద్ధి నిలకడగానే ఉందని డాక్టరుగారు కాగితం ఇచ్చారు. గుండె సంగతి కోసి చూశాక చెబుతామన్నారు. అందులో ఏముందో కొయ్యకుండానే నేను చెప్పగలను, కానీ నన్నెవరూ అడగలేదు.

దీనికి ముందు ఒక చిత్తు రాసి చింపేశాను. ఎందుకు చింపానో చివరి అంశంలో ఉంది. ఈ వీలునామాను అమలు జరపవలసిందిగా రాజమండ్రి న్యాయవాది అశోక్ గారిని నియమిస్తున్నాను.

1. నేనుంటున్న డాబా ఇల్లు, పెరడు సహా, మా అన్నయ్య కీర్తిశేషులు ఐజాక్ గారి కుమారుడు, తునిలో గుమాస్తాగా పనిచేస్తున్న రాజ్ కుమార్‌కు నా తదనంతరం సర్వహక్కులతో చెందవలెను. అమ్ముకుంటాడో, ఉంటాడో అతని ఇష్టం. పెరట్లో మునగచెట్టు కాయలు పక్కింటి సత్యకుమారి గారు గోడ మీదనుంచే కోసుకుంటున్నారు. కాబట్టి ఆవిడకి విడిగా రాసివ్వవలసినది ఏమీ లేదు.

2. సెకన్ల ముల్లున్న నా చేతి గడియారం, ఇప్పుడు నా స్థానంలో పనిచేస్తున్న కృపారాణికి ఇవ్వవలెను. నాడి చూడటానికి ఫోను తీసే పిల్ల అది. ఫోను తీసిన చెయ్యి అక్కడితో ఆగదు.

3. నా స్టీలు కుర్చీలు, ఒకటి తప్ప మిగిలినవన్నీ, మా చర్చి సంఘం స్త్రీల సమాజానికి. ఆ కుర్చీల్లో కూర్చుని నా గురించి మాట్లాడుకోరాదని షరతు పెట్టాలనుకున్నాను. అలాంటి షరతు ఏ కోర్టులోనూ నిలవదన్నారు అశోక్ గారు. సరే, మాట్లాడుకోండి. ఆ ఒక్క కుర్చీ మాత్రం నాకు కావాలి.

4. నా నీలం రంగు చేతక్ స్కూటరు. మా నాన్న ముందుగా బుక్ చేసుకుని ఏళ్ల తరబడి ఎదురుచూసి కొన్న బండి. తీరా వచ్చాక కాలవ గట్టు మీద ఒకసారి, చర్చి ముందు ఒకసారి పడి, "ఇది నా వల్ల కాదమ్మా, నువ్వే తోలుకో" అని నాకిచ్చేశారు. చీర కుచ్చిళ్లు దోపుకుని ఆడపిల్ల బండి వంచి కిక్కు కొడుతుంటే, ఊడ్పులు మానేసి మరీ చూసేవారు. తరవాత అదే జనం పురిటి నొప్పులొస్తే బండి చప్పుడు కోసం చెవులు రిక్కించేవారు.

ఆ కాలం స్కూటర్లన్నిటిలాగే దీనికీ లైటుకి కరెంటు ఇంజనులోంచే వస్తుంది. ఇంజను నెమ్మదిస్తే లైటు మసకబారుతుంది, ఆపితే ఆరిపోతుంది. గాలివానకి కరెంటు పోయిన ఇంట్లో పురుడు పోయాలంటే గుమ్మంలో ఇంజను నడుస్తూ ఉండాల్సిందే. పొగ పురిటి గదిలోకి కొట్టేది, ఆ మోతలో బిడ్డ గుండె చప్పుడు వినబడేది కాదు. ఈ బాధ విని, లాకుల దగ్గర ఆటో ఎలక్ట్రికల్ షాపు పెట్టుకున్న సంగాని చినబాబు ఎడమ పక్క మూత కింద విడిగా పన్నెండు వోల్టుల బ్యాటరీ బిగించాడు. దానికి ఇంజనుతో సంబంధం లేదు. ముందు గార్డుకి రెండు పసుపు లైట్లు, పొడుగు వైరుతో చేత్తో పట్టుకునే లైటు ఇంకొకటి, వాటికి వేరే స్విచ్చి, వేరే ఫ్యూజు. ఇంజను ఆపేసి స్విచ్చి వేస్తే గదంతా వెలుగు, చుట్టూ నిశ్శబ్దం. ఈ జిల్లాలో ఎంతమందో ఆ వెలుగులో కళ్లు తెరిచారు, ఆ సంగతి వాళ్లకి తెలీదు.

ఛార్జింగు ఇంట్లోనే పెట్టుకునేదాన్ని. నెలకోసారి బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోయడానికి మాత్రం చినబాబు వచ్చేవాడు. ఆ పని ఐదు నిమిషాలది. అతను వెళ్లేసరికి పొద్దు వాలేది.

5. ఇది ఆస్తి పంపకం కాదు, తీసేయమన్నారు అశోక్ గారు. తీయను.

చినబాబు వాళ్లది గోదావరి మీద చేపల వేటకెళ్లే కుటుంబం. నన్ను చేసుకుంటానని మా నాన్నను అడిగాడు. సంఘ పెద్ద కదా, బాప్తిస్మం తీసుకుంటే ఆలోచిస్తామన్నారు నాన్న. చినబాబు తీసుకుంటానన్నాడు. నేనే వద్దన్నాను. పిల్లనిస్తారని నీళ్లలో మునగడం నాకు నచ్చలేదు, పుట్టినప్పటినుంచీ నీళ్లలో మునుగుతున్నవాడికి ఇంకో మునక ఏం లెక్క అని నవ్వేశాను కూడా. వాళ్లమ్మ అమ్మవారికి మొక్కుకుని సంబంధాలు చూడటం మొదలుపెట్టింది. చినబాబు లోవలక్ష్మిని చేసుకున్నాడు. ఆ పెళ్లికి వెళ్లి భోజనం చేసి వచ్చాను. నాకు నచ్చని పని అతను చేయకుండా ఆపినందుకు ఇప్పటికీ విచారం లేదు. అతను కావాలనుకోవడం మాత్రం ఒక్కనాడూ మానలేదు.

లోవలక్ష్మికి నొప్పులొచ్చిన సాయంత్రం గాలివాన. స్తంభాలు పడి ఊళ్లో కరెంటు లేదు. స్కూటరు గుమ్మానికి ఆనించి, వైరు లోపలికి లాగాను. పట్టుకునే మనిషి కావాలి. అత్తగారికి చేతులు వణుకుతున్నాయి. మగవాళ్లు పురిటి గదిలోకి రాకూడదని ఆవిడే అంటోంది. చివరికి చినబాబు ముఖం గోడవైపు తిప్పుకుని, చెయ్యి మాత్రం వెనక్కి చాపి లైటు పట్టుకున్నాడు. బిడ్డ ఏడ్చేదాకా ఆ చెయ్యి కదల్లేదు. "ఎవరండీ?" అన్నాడు గోడతో. "ఆడపిల్ల" అన్నాను. ఆ బిడ్డని తుడిచి తల్లి పక్కన పడుకోబెట్టడానికి ఎంతసేపు పట్టాలో అంతకంటే కాస్త ఎక్కువసేపే నా చేతుల్లో ఉంచుకున్నాను. లోవలక్ష్మి చూసింది.

ఆ తరవాత నెలనెలా "వెళ్లి నర్సమ్మగారి బ్యాటరీ చూసిరా" అని మొగుణ్ని పంపింది లోవలక్ష్మే. చీరమేను చేపపిల్లలు దొరికే రోజుల్లో గిన్నెడు వండి చేతికిచ్చి మరీ పంపేది. అంత పెద్ద మనసు నాకు లేదు. ఉంటే ఆ కూర అంత ఆశగా తినేదాన్ని కాను.

6. పై స్కూటరు, బ్యాటరీ, ఛార్జరు, అదనపు లైట్లు సహా, ఆ గాలివాన రోజు పుట్టిన సంగాని బేబీకి చెందవలెను. తండ్రి షాపులో వైరింగు పని ఇప్పుడు ఆ అమ్మాయే చేస్తోంది. పాత బళ్లు కొనే విశాఖపట్నం ఆసామి ఒకడు రాజ్ కుమార్ దగ్గరకొచ్చి, ఆ లైట్లు ఒరిజినల్ కావు, అవి పీకేసి కంపెనీ నుంచి వచ్చినట్టు చేస్తే మంచి రేటిస్తానన్నాడట. "తీసేద్దాం అత్తా, దాని విలువ పెరుగుతుంది" అన్నాడు మావాడు. నాయనా, కంపెనీ నుంచి వచ్చిన బండితో నేను చేసిందేమీ లేదు. నేను బతికింది ఆ లైట్లతో. బేబీ వాటిని తీయరాదు, తీయనివ్వరాదు.

7. సంగాని చినబాబుకు నేను ఏమీ రాసివ్వడం లేదు.

చింపేసిన చిత్తులో స్కూటరు అతనికే రాశాను. లోవలక్ష్మి పోయిన దగ్గరనుంచీ చినబాబు మా ఇంటికి రావడం లేదు. భార్య ఉన్నన్నాళ్లూ వస్తే ఎవరూ పట్టించుకోలేదు. భార్య పోయాక ఒంటరి ఆడదాని ఇంటికొస్తే మాట వస్తుందట. ఫోను చేస్తే, "ఇప్పుడు నేనొస్తే బాగోదండి. నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు. బ్యాటరీ ఆటోలో పంపించండి" అన్నాడు. బ్యాటరీ నేను పంపలేదు. అది పనిచేయడం మానేసింది. నేను నెలనెలా అతను వచ్చే రోజున తలస్నానం చేసి వరండాలో కూర్చోవడం మానలేదు.

వీలునామాలో ఏదైనా పొందేవారు సాక్షి సంతకం పెడితే వారికి రాసింది చెల్లదని అశోక్ గారు చెప్పారు. సాక్షి మాత్రం ఇంటికి రావాలట, నేను సంతకం పెడుతుంటే కళ్లారా చూడాలట, నా ముందే తన సంతకం పెట్టాలట. అది చట్టం. నలుగురి నోళ్లకంటే చట్టం పెద్దది. అందుకని చినబాబుకు ఏమీ ఇవ్వకుండా, రెండో సాక్షిగా పెట్టుకుంటున్నాను.

ఈ కాగితం నకలు బేబీ చేతికిచ్చి చినబాబుకి పంపాను. శనివారం ఉదయం పది గంటలకి ఎదర గేటు తీసే ఉంటుంది. కుర్చీ వీధిలోకి కనబడేలా వరండాలో వేయిస్తాను. అవసరమైతే తన గుమాస్తాను తీసుకొస్తానన్నారు అశోక్ గారు. వద్దన్నాను. రెండో సాక్షి గీత కింద చినబాబు పేరే టైపు చేయించాను. అతను రాకపోతే నేను సంతకం పెట్టను. పెట్టకుండానే ఆపరేషన్‌కి వెళతాను. ఇల్లు, గడియారం, కుర్చీలు, బండి ఏమైపోతాయో అయిపోనివ్వండి. అరవై ఎనిమిదేళ్ల వయసులో, గుండె కోయించుకునే ముందు, ఒక మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని చూడాలని ఉంది. మందుల ప్రభావం వల్ల కాదు, పూర్తి తెలివిలో ఉండే రాస్తున్నాను.

పై అంశాలన్నీ చదివించుకుని, సరేనని ఒప్పుకుని, ఈ దిగువ సాక్షుల ఎదుట సంతకం చేస్తున్నాను.

ధవళేశ్వరం
తేదీ: 9 నవంబరు 2024, శనివారం

(సంతకం) పెనుమాల ప్రిస్కిల్లా

సాక్షులు:

1. (సంతకం) సత్యకుమారి, రిటైర్డ్ టీచరు, పక్కిల్లు.

2. (సంతకం) సంగాని చినబాబు, ఆటో ఎలక్ట్రీషియన్.
ప్రిస్కిల్లా గారు నా కళ్లముందే సంతకం పెట్టారండి. ఎదర గేటులోంచే వచ్చాను. సోమవారం కాకినాడకి కూడా నేనే తీసుకెళ్తానండి.