పొద్దుతిరుగుడు పూత, అమ్మ ఊపిరి

శుక్రవారం, రాత్రి

అమ్మ పండుకున్నది. పండుకున్నది అంటే, గోడకు ఆనుకొని కూసున్నది. ఒరిగితే ఆయాసం వస్తాంది.

పొద్దున నేనూ అమ్మా పొద్దుతిరుగుడు చేన్ల పువ్వులను గుడ్డతోని రుద్దుతున్నం. పుప్పొడి ఒక పువ్వుది ఇంకో పువ్వుకు అంటితేనే గింజ నిండుతది. అమ్మకు వారం నుంచి తుమ్ములే. జలుబు అనుకున్నం. ఇయ్యాల ఒక్కసారిగ పెదవులు ఉబ్బినయి. "ఊపిరి ఆడుతలేదు బిడ్డా" అనుకుంట సాళ్ల నడుమ కూలబడ్డది. బాపు బండి తెచ్చిండు. అమ్మను మా ఇద్దరి నడుమ కూసోబెట్టుకొని మక్తల్‌ల దవాఖానకు ఉరికినం.

సూది వేసినంక డాక్టరమ్మ చెప్పింది: "ఇది జలుబు కాదు. పుప్పొడి లోపలికి పోతే ఈమె ఒళ్లు దాన్ని విషమనుకొని కొట్లాడుతాంది. అందుకే గీ వాపు, ఆయాసం. ఇంకోసారైతే ఇంతకంటే ఎక్కువ కావచ్చు. చేనుకు తోలకుండ్రి."

ఇంటికొచ్చినంక అమ్మ, "రేపు ముక్కుకు గుడ్డ కట్టుకొని వస్త" అన్నది.

ఎన్నడూ గట్టిగ మాట్లాడని బాపు అరిచిండు. "పంట పోతే పోనియ్యే! నువ్వు అటు దిక్కు నడిచినవంటే చేనంతా దున్నిపారేస్త."



చేనుకు పోకుండ ఆపుతం. కానీ చేను మా పెరటి గోడ ఆవల్నే ఉన్నది. పూత ఇంకా సగం కూడ విచ్చలే. గాలి ఇటే కొడుతాంది. కిటికీ మూసి, సందులల్ల తడిగుడ్డ కుక్కిన.

ఇప్పుడే మళ్ల తుమ్మింది. బాపు బండి తాళం చేతుల పట్టుకొని అమ్మ పక్కనే కూసున్నడు. పండుకో అంటే వింటలేడు.